బ్రౌజర్‌లో టొరెంట్ వీడియో: క్యూబిట్‌టొరెంట్‌లో 14 సీడ్లు, వెబ్ పేజీలో మాత్రం సున్నా పీర్లు

హంద్రీ_ఒడ్డు
కర్నూలు చుట్టుపక్కల ఊళ్లలో ఆడిన పద్యనాటకాల రికార్డింగులు, కళాకారులు ఒప్పుకున్నవే, ఒక సైటులో పెడ్తాండాం. ఒక్కో నాటకం 2 గంటల 10 నిమిషాలు. సర్వర్ చిన్నది, నెలకు 1 టీబీ దాటితే అదనంగా కట్టాల. చూసేవాళ్లే ఒకరికొకరు పంచుకుంటారని, బ్రౌజర్‌లోనే టొరెంట్ (ఫైలు ముక్కలు ఒకరికొకరు ఇచ్చుకునే పద్ధతి) నడిపే వెబ్‌టొరెంట్ ఎక్కించినా. మిషన్‌లో నడిచే టొరెంట్ సాఫ్ట్‌వేర్ క్యూబిట్‌టొరెంట్‌లో టొరెంట్ తయారుచేసి, దాని మ్యాగ్నెట్ లింకే (టొరెంట్ గుర్తు, ట్రాకర్ల చిరునామాలు ఉండే లింకు) పేజీలో ఇచ్చినా. క్యూబిట్‌టొరెంట్‌లో చూస్తే 14 మంది సీడర్లు (ఫైలు మొత్తం ఉండి పంచేవాళ్లు). పేజీలో సున్నా పీర్లు (పంచుకునే తోటివాళ్లు), గుండ్రం తిరుగుతానే ఉంటాది. ఫైర్‌వాల్ తీసేసినా అంతే. యాడ తప్పు చేస్తాండానో చెప్పండి.

పాతూరు_సర్వర్
ఫైర్‌వాల్ జోలికి పోవద్దు, మళ్లీ పెట్టేసేయ్. ఆ 14 మందికీ నీ పేజీకీ మధ్య దారే లేదు.

బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌కు నేరుగా టీసీపీ గాని, యూడీపీ గాని (ఇంటర్నెట్లో డేటా మోసే రెండు పద్ధతులు) సాకెట్ తెరిచే హక్కు ఇవ్వరు. భద్రత కోసం కట్టిన గోడ అది. దానికి ఉన్న దారులు హెచ్‌టీటీపీ, వెబ్‌సాకెట్, వెబ్‌ఆర్‌టీసీ. ఒక బ్రౌజర్ నుంచి ఇంకో బ్రౌజర్‌కు సూటిగా డేటా పోయేది వెబ్‌ఆర్‌టీసీ డేటా ఛానల్లోనే. క్యూబిట్‌టొరెంట్ మాట్లాడేదేమో టీసీపీ, యూటీపీ (యూడీపీ మీద నడిచే టొరెంట్ పద్ధతి). ఇన్ఫో హ్యాష్ (టొరెంట్‌ను గుర్తుపట్టే సంఖ్య) ఒకటే అయినా ఇద్దరికీ భాష కలవదు. ట్రాకర్ లేకుండా పీర్లను వెతికే డీహెచ్‌టీ కూడా యూడీపీ మీదే నడుస్తాది కాబట్టి బ్రౌజర్‌కు అదీ లేదు.

ఇంగ ట్రాకర్ సంగతి. మామూలు ట్రాకర్ ఏం చేస్తాది? "ఈ టొరెంట్ ఫలానా ఐపీ, ఫలానా పోర్టుల దగ్గర ఉంది" అని పట్టీ ఇస్తాది, మనం పోయి తలుపు తడతాం. వెబ్‌ఆర్‌టీసీలో అట్ల తట్టేదానికి కుదరదు. ముందు ఒకరు ఆఫర్ రాయాల, అవతలివాళ్లు ఆన్సర్ రాయాల, ఆ రెండూ చేతులు మారినాకే కనెక్షన్. అందుకే వెబ్‌సాకెట్ ట్రాకర్ కావాల, డబ్ల్యూఎస్ఎస్ అని మొదలయ్యే చిరునామా. నీ పేజీ కొన్ని ఆఫర్లు దానికి పంపుతాది, అది గుంపులో ఉన్న కొందరికి తలా ఒకటి ఇస్తాది, వాళ్ల ఆన్సర్లు తెచ్చి నీకిస్తాది. అంతటితో ట్రాకర్ పని అయిపోతాది. వీడియో ఒక్క బైటు కూడా దానిగుండా పోదు.

నీ మ్యాగ్నెట్‌లో ఉన్న ట్రాకర్లు యూడీపీవో హెచ్‌టీటీపీవో అయ్యుంటాయి. బ్రౌజర్ వాటిని వదిలేస్తాది. అందుకే సున్నా.

ఉగ్గాని_బజ్జీ
అయితే ఆ 14 మంది ఉన్నా లేనట్టేనా? మధ్యలో వంతెన ఏదీ లేదా?

గండికోట_లోయ
ఉంది. రెండు భాషలూ వచ్చినవాడు ఒకడు గుంపులో ఉంటే చాలు. వెబ్‌టొరెంట్ డెస్క్‌టాప్, బిగ్లీబీటీ రెండూ అట్లాంటివే. సర్వర్లో తెర లేకుండా నడపాలంటే నోడ్‌లో (సర్వర్లో జావాస్క్రిప్ట్ నడిపేది) వెబ్‌టొరెంట్ హైబ్రిడ్. అది ఇటు టీసీపీలో ఆ 14 మంది దగ్గర పీసులు (ఫైలు ముక్కలు) తీసుకొని, అటు వెబ్‌ఆర్‌టీసీలో బ్రౌజర్లకు ఇస్తుంది. ఒక్క హెచ్చరిక: ఆ మోసేదంతా వంతెన నడిపే మిషన్ బ్యాండ్‌విడ్తే. నీ సర్వర్లోనే పెడితే నీ 1 టీబీలోనే పోతుంది.

హంద్రీ_ఒడ్డు
ఓపెన్‌వెబ్‌టొరెంట్ వాళ్ల డబ్ల్యూఎస్ఎస్ ట్రాకర్ కలిపినా, సర్వర్లో హైబ్రిడ్ నడుపుతాండా. ఇప్పుడు 1 పీర్ కనపడతాంది, వీడియో వస్తాంది. శానా సంతోషం అన్నా. కానీ ప్లే నొక్కినాక బొమ్మ వచ్చేదానికి 40 సెకన్లు పడ్తాంది. 2 ఎంబీపీఎస్ లైన్లో చూసినా. పీస్ సైజు 4 ఎంబీ ఉంది, ఫైలు మొత్తం 1.3 జీబీ. ఎంపీ4, హెచ్264, ఏఏసీ.

తాడిపత్రి_బండ
అందులో రెండు తప్పులున్నాయి, రెండూ ఒకదాని మీద ఒకటి పడినాయి.

మొదటిది పీస్ సైజు. టొరెంట్‌లో పీసు మొత్తం వచ్చి, ఎస్‌హెచ్ఏ1 హ్యాష్ సరిపోయినాకే దాన్ని నమ్మి ప్లేయర్‌కు ఇస్తారు. మధ్యలో 16 కేబీ ముక్కలుగా వస్తున్నా, పీసు నిండేదాకా అవి పనికిరావు. 4 ఎంబీ అంటే సుమారు 33.5 మెగాబిట్లు. 2 ఎంబీపీఎస్ లైన్లో ఒక్క పీసుకు 17 సెకన్లు.

రెండోది మూవ్ ఆటమ్. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడ ఉందో చెప్పే సూచిక అది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు దాన్ని ఫైలు చివర రాస్తాయి, ఎందుకంటే రికార్డింగ్ ముగిసేదాకా దానికి రాసేదానికి ఏమీ తెలియదు. ప్లేయర్ ముందు తల చూసి, అక్కడ సూచిక లేక తోకకు దూకుతుంది. అంటే మొదటి పీసు 17, చివరి పీసు 17. మొత్తం 34, కనెక్షన్ కుదిరేదానికి ఇంకో ఐదారు. నీ 40 సరిగ్గా తేలింది.

చెయ్యాల్సింది: వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో కోడెక్ కాపీ పెట్టి, మూవ్‌ఫ్లాగ్స్‌కు ఫాస్ట్‌స్టార్ట్ ఇవ్వు. మళ్లీ ఎన్‌కోడ్ కాదు, సూచిక ముందుకు జరుగుతుంది, అంతే. పీసు 512 కేబీ పెట్టు. 1.3 జీబీకి దాదాపు 2,480 పీసులు, పీసుకు 20 బైట్ల హ్యాష్, టొరెంట్ ఫైలు 50 కేబీ దగ్గర వస్తుంది. మొదటి పీసు 2 సెకన్లలో దిగుతుంది.

ఉగ్గాని_బజ్జీ
అయితే 64 కేబీ పెడితే ఇంకా తొందరగా వస్తాది కదప్పా?

తాడిపత్రి_బండ
టొరెంట్ ఫైలు 400 కేబీ అవుతుంది. ప్లే నొక్కినాక ముందు అది దిగాలి. పైగా మ్యాగ్నెట్ ఒక్కటే ఇస్తే ఆ సమాచారమంతా ఇంకో పీరు దగ్గర అడుక్కోవాలి. వేగంగా చేద్దామని పోయి నిదానం చేసుకోవడమే. 256 నుంచి 1024 కేబీ మధ్య ఉంటే బాగు.

హంద్రీ_ఒడ్డు
ఫాస్ట్‌స్టార్ట్ చేసినా. సర్వర్లో ఉన్న ఫైలునే మార్చి అదే పేరుతో పెట్టినా. ఇప్పుడు ఇంకా ఘోరం. మీటర్ తిరుగుతాంది, డౌన్‌లోడ్ 300 ఎంబీ దాటింది, బొమ్మ మాత్రం రాదు.

పెన్నా_ఇసుక
టొరెంట్ మళ్లీ చేసినావా? చెయ్యలేదు. ఫైల్లో సూచిక ముందుకొచ్చేసరికి బైట్లన్నీ జరిగినాయి, పాత హ్యాష్‌లు ఒక్కటీ కలవవు. వచ్చిన పీసు వచ్చినట్టే పారేసి మళ్లీ అడుగుతాంది. ఆ 300 ఎంబీ నీ కోటాలో నుంచే పోయింది. ముందు దాన్ని ఆపు.

వరస ఇది: ఎన్‌కోడ్, ఫాస్ట్‌స్టార్ట్, ఆఖర్న టొరెంట్. ఆ తర్వాత ఫైలు మీద చెయ్యి వెయ్యకూడదు. కొత్త టొరెంట్ అంటే కొత్త ఇన్ఫో హ్యాష్, కొత్త గుంపు. పాత 14 మంది దీంట్లోకి రారు, వాళ్లు కొత్తది తెచ్చుకోవాల.

కారంపొడి
ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకండి. నాటకం చూసేవాళ్లు ఒక్కసారికి ఎంతమంది? ముగ్గురు నలుగురు అయితే ఈ తంటా అంతా ఏంటికి? మామూలు వీడియో ట్యాగు పెట్టి, ముందర ఒక సీడీఎన్ (ఫైళ్ల నకళ్లు పెట్టుకొని అందించే సర్వర్ల సేవ) పెట్టుకుంటే పోతాది. 1.3 జీబీ అంటే 1 టీబీలో 770 సార్లు పూర్తిగా చూడొచ్చు. నెలకు అంతమంది వస్తారా?

హంద్రీ_ఒడ్డు
మామూలు రోజుల్లో ఐదారుగురే. కొత్త నాటకం పెట్టిన రోజు సాయంత్రం 40 మంది దాకా ఒక్కసారే వస్తారు. 40 నాటకాలు అయినాయి, ఇంకా పెరుగుతాయి.

పాతూరు_సర్వర్
కారంపొడి చెప్పింది సగం నిజం. ఐదుగురికి పీ2పీ (చూసేవాళ్లే పంచుకోవడం) దండగ. కానీ ఆ 40 మంది సాయంత్రం లెక్క వేరే. నీ వీడియో బిట్‌రేటు 1.33 ఎంబీపీఎస్ చొప్పున 40 మందికి 53 ఎంబీపీఎస్ సర్వర్ తోయాల. అక్కడ పంచుకోవడం పనికొస్తాది.

అయితే ఒకటి గుర్తు పెట్టుకో హంద్రీ. ఈ రకం చూపులో ముందు మొదలుపెట్టినవాడు వెనక వచ్చినవాడికి ఇస్తాడు. వెనకోడి దగ్గర ముందోడికి ఇచ్చేదానికి ఏమీ ఉండదు. అందరికన్నా ముందున్నవాడు ఎప్పుడూ సర్వర్ మీదే బతకాల. 40 మందీ సరిగ్గా 7 గంటలకు ప్లే నొక్కితే అందరి దగ్గరా అవే పీసులు, పంచుకునేది తక్కువ. ఐదు పది నిమిషాల తేడాతో వస్తేనే గొలుసు బాగా కుదురుతాది.

అందుకని అడుగున వెబ్ సీడ్ (మామూలు హెచ్‌టీటీపీలో పీసులిచ్చే సర్వర్) ఉండి తీరాల. హైబ్రిడ్ సీడర్ ఆపేసి, అదే ఫైలును వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్‌లో పెట్టి, మ్యాగ్నెట్‌లో డబ్ల్యూఎస్ (వెబ్ సీడ్ అని, వెబ్‌సాకెట్ కాదు) కింద దాని చిరునామా ఇవ్వు. టొరెంట్ ఫైలు చిరునామా ఎక్స్‌ఎస్ కింద ఇవ్వు, అప్పుడు గుంపులో ఎవరూ లేకున్నా సమాచారం దొరుకుతాది.

గండికోట_లోయ
పైదానికి తోక. వెబ్ సీడ్ వేరే డొమైన్‌లో ఉంటే కార్స్ హెడర్లు (ఇంకో సైటు పేజీకి ఈ ఫైలు ఇవ్వొచ్చని బ్రౌజర్‌కు చెప్పేవి) కావాలి. రేంజ్ హెడర్‌తో (ఫైల్లో ఫలానా భాగమే కావాలనేది) పోయే రిక్వెస్టుకు కొన్ని బ్రౌజర్లు ముందుగా ఆప్షన్స్ అనే రిక్వెస్టు పంపుతాయి. ఎన్‌జిన్ఎక్స్ మామూలు ఫైలుకు ఆప్షన్స్ వస్తే 405 అంటుంది, బ్రౌజర్ అక్కడే ఆగిపోతుంది. దానికి 204 ఇచ్చేట్టు రాయి, రేంజ్‌ను అనుమతించిన హెడర్లలో చేర్చు, కంటెంట్ రేంజ్‌ను బయటికి కనపడేట్టు పెట్టు.

ఫైలు పేరు తెలుగులో పెట్టొద్దు. ఒకచోట శాతం గుర్తులతో, ఒకచోట నేరుగా రాసి 404 వస్తుంది, పట్టుకునేదానికి సగం రోజు పోతుంది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా. నాటకం పేరు పేజీ మీద తెలుగులో ఉంటే చాలు.

పెన్నా_ఇసుక
అసలు కోటా తినేది ఇంకొకటి ఉంది, ఎవరూ చెప్పలేదు. వెబ్‌టొరెంట్ మామూలుగా ఫైలు మొత్తాన్ని ఎంచుకుంటాది. చూసేవాడు 5 నిమిషాలు చూసి, పాజ్ పెట్టి, టీ తాగేదానికి పోతే వెనకాల 1.3 జీబీ అంతా దించేస్తాది. పక్కన వేగమైన వెబ్ సీడ్ ఉంటే అంతా దాని నుంచే లాగుతాది, ఎందుకంటే పీర్లకన్నా అది గట్టిది.

రెండు పనులు. టొరెంట్ చేర్చేటప్పుడు డీసెలెక్ట్ ట్రూ ఇవ్వు, అప్పుడు ప్లేయర్ అడిగిన భాగమే దిగుతాది. ఎన్‌జిన్ఎక్స్‌లో లిమిట్ రేట్ 250k (250 కిలో) పెట్టు. అది సెకనుకు బైట్లు, అంటే 2 ఎంబీపీఎస్, నీ బిట్‌రేటుకు ఒకటిన్నర రెట్లు. లిమిట్ రేట్ ఒక్కో రిక్వెస్టుకు లెక్క, మనిషికి కాదు. ఒకే బ్రౌజర్ రెండు అడిగితే రెండింతలు పోతాది, దాన్ని గమనించుకో.

నన్నారి_సోడా
అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పాఠాల వీడియోలకు ఇదే పద్ధతి పెట్టాం. 60 మిషన్లు, అన్నీ క్రోమ్, ఒకే వైఫై. పక్కపక్కన కూర్చున్నవాళ్లకు కూడా పీరు కుదరడం లేదు, అంతా బయట వెబ్ సీడ్ నుంచే వస్తోంది. ఒకే గదిలో ఉన్నవాళ్లకు ఎందుకు కుదరదు?

గండికోట_లోయ
క్రోమ్ లోపలి ఐపీని దాస్తుంది. కెమెరా, మైకు అనుమతి ఇవ్వని పేజీకి 192.168 చిరునామా బదులు, లోకల్ అని ముగిసే ఒక తాత్కాలిక పేరు ఇస్తుంది. ఆ పేరు ఎవరిదో కనుక్కోవాలంటే ఎండీఎన్ఎస్ మల్టీకాస్ట్ (ఈ పేరు ఎవరిదని అందరినీ ఒకేసారి అడిగేది) ఆ నెట్‌వర్క్‌లో పారాలి. చాలా కాలేజీ వైఫైల్లో క్లయింట్ ఐసొలేషన్ (ఒకే వైఫైలోని మిషన్లు ఒకదాన్నొకటి చేరకుండా ఆపేది) ఆన్ చేసి ఉంటారు, లేదంటే మల్టీకాస్ట్ ఆపేస్తారు. ల్యాబ్ రెండు వీల్యాన్లుగా (వేరుచేసిన నెట్‌వర్కులుగా) ఉంటే కూడా ఎండీఎన్ఎస్ ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి దాటదు.

క్రోమ్ చిరునామా పట్టీలో వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ పేజీ తెరిచి చూడండి, ఫైర్‌ఫాక్స్‌లో అయితే అబౌట్ వెబ్‌ఆర్‌టీసీ. హోస్ట్ రకం జత విఫలం అని ఉంటే ఇదే జబ్బు.

నన్నారి_సోడా
చూశాను. హోస్ట్ జతలన్నీ ఫెయిల్డ్. యాక్సెస్ పాయింట్‌లో ఐసొలేషన్ ఆన్‌లోనే ఉంది. ల్యాబ్ ఎస్ఎస్ఐడీకి (వైఫై పేరుకు) మాత్రం తీసేయించాను, ఒక్కో మిషన్‌కు ఏడెనిమిది పీర్లు వస్తున్నాయి. అందరి వైఫైకి తీయొద్దన్నారు, అది న్యాయమే.

కారంపొడి
ల్యాబ్‌కు నప్పుతాది, ఒప్పుకుంటా. ఫోన్లలో చూసేవాళ్ల సంగతి? మన పల్లెల్లో చూసేది ఫోన్లోనే కదా. మొబైల్ నెట్‌లో నాట్ (చాలామందిని ఒకే బయటి ఐపీ వెనక పెట్టేది) దాటుతాదా?

పాతూరు_సర్వర్
చాలాసార్లు దాటదు. మొబైల్ నెట్లో ఐపీవీ4 అంటే చాలావరకు సీజీనాట్ (నెట్ కంపెనీ పెట్టే పెద్ద నాట్) వెనకే. ఫోన్లో 100.64 నుంచి 100.127 లోపు చిరునామా కనపడితే అదే. స్టన్ సర్వర్ పని "నువ్వు బయటికి ఈ ఐపీ, ఈ పోర్టుగా కనపడతాండావు" అని చెప్పడం. సిమెట్రిక్ నాట్ అయితే ఒక్కో గమ్యానికి ఒక్కో పోర్టు ఇస్తాది, కాబట్టి స్టన్ చెప్పిన పోర్టు ఇంకొకరికి పనికిరాదు. రెండు పక్కలా అట్లాంటిదే ఉంటే ఇంగ ఆశ లేదు.

ఐపీవీ6 ఉంటే కథ మారుతాది. అక్కడ నాట్ అడ్డం లేదు. కానీ పైన గండికోట చెప్పినట్టు క్రోమ్ లోపలి చిరునామా దాస్తాది కదా, అది ఐపీవీ6కూ వర్తిస్తాది. కాబట్టి నువ్వు వాడే స్టన్ సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా కూడా ఉండాల. ఉంటే అది చెప్పిన చిరునామాతోనే ఇద్దరు ఫోన్లోళ్లు కలుస్తారు. ఇది చాలామంది వదిలేస్తారు.

ఉగ్గాని_బజ్జీ
టర్న్ సర్వర్ పెడితే అందరికీ కుదురుతాది అంటారు కదా. కోటర్న్ (టర్న్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఎక్కించుకుంటే అయిపోతాది.

పెన్నా_ఇసుక
వీడియోకు వద్దు. టర్న్ అంటే ఇద్దరి మధ్య డేటా అంతా నీ సర్వర్ గుండా పోవడం. ఒకడి నుంచి లోపలికి ఒకసారి, ఇంకోడికి బయటికి ఒకసారి. వెబ్ సీడ్ అయితే బయటికి ఒక్కసారే. సర్వర్ బరువు తగ్గించేదానికి పెట్టుకున్న పద్ధతిలో బరువు రెండింతలు చేసుకోవడం ఏంటికి? కాల్స్‌కు టర్న్ కావాల, ఇక్కడ వెబ్ సీడే టర్న్ అనుకో.

ఉగ్గాని_బజ్జీ
అర్థమైంది. ఎక్కించబోయినా, ఆపేసినా.

తాడిపత్రి_బండ
ఫోన్ల గురించి నా మాట గట్టిగా చెప్తున్నా. మొబైల్ డేటాలో ఉన్నవాళ్లకు ఈ స్క్రిప్టే ఎక్కించొద్దు, మామూలు వీడియో ట్యాగు ఇవ్వండి. రోజుకు లెక్కగా డేటా కొనుక్కున్న మనిషి ఫోన్ నుంచి వాళ్లకు చెప్పకుండా అప్‌లోడ్ తీసుకోవడం తప్పు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో నెట్ రకం సెల్యులార్ అని తెలుసుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో అది దొరకదు, అక్కడ అడిగి పెట్టండి. వైఫైలో ఉన్నవాళ్లకు కూడా పేజీలో కనపడేట్టు ఒక మీట ఉండాలి, అప్‌లోడ్‌కు హద్దు ఉండాలి. అప్‌లోడ్ లిమిట్ బైట్లలో ఇవ్వాలి, 60000 అంటే అర ఎంబీపీఎస్‌కు కొంచెం తక్కువ.

ఇంకొకటి, పీర్లకు ఒకరి ఐపీ ఒకరికి తెలుస్తుంది. ఎవరు ఏం చూస్తున్నారో గుంపులో చేరిన ఎవరైనా చూడగలరు. నాటకానికి పెద్ద ఇబ్బంది లేకపోవచ్చు, కానీ ఆ సంగతి పేజీలో రాసి ఉండాలి.

కారంపొడి
ఈ మాట కోసమే అడిగింది. తాడిపత్రి చెప్పింది పెడితే నాకు అభ్యంతరం లేదు.

హంద్రీ_ఒడ్డు
మీట పెట్టినా, మొదట ఆఫ్‌లోనే ఉంటాది. ఒప్పుకున్నోళ్లకే పీ2పీ. కొత్త టొరెంట్, 512 కేబీ పీసులు, వెబ్ సీడ్, డీసెలెక్ట్ అన్నీ అయినాయి. ఇప్పుడు 4 సెకన్లలో బొమ్మ వస్తాంది. రెండు చిక్కులు మిగిలినాయి. ఒకటి, కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొట్టి రీలోడ్ చేస్తే వీడియో రాదు, మామూలు రీలోడ్‌కు వస్తాది. రెండు, పబ్లిక్ ట్రాకర్ ఒక్కోసారి పలకదు.

గండికోట_లోయ
మొదటిది సర్వీస్ వర్కర్ (పేజీ వెనకాల బ్రౌజర్‌లో నడిచే స్క్రిప్టు). కొత్త వెబ్‌టొరెంట్‌లో ప్లేయర్ అడిగే రేంజ్‌లను సర్వీస్ వర్కర్ పట్టుకొని టొరెంట్ నుంచి జవాబిస్తుంది. షిఫ్ట్‌తో రీలోడ్ చేస్తే బ్రౌజర్ ఆ పేజీని సర్వీస్ వర్కర్ చేతికి ఇవ్వదు, రిక్వెస్టు నేరుగా నీ సర్వర్‌కు పోయి 404 తెస్తుంది. పేజీకి కంట్రోలర్ లేదని తెలిస్తే ఒకసారి మామూలుగా రీలోడ్ చేయించు, లేదా వీడియో ట్యాగుకు మళ్లించు. ఇది హెచ్‌టీటీపీఎస్ మీద గాని, లోకల్‌హోస్ట్‌లో గాని మాత్రమే నడుస్తుంది. ఫోన్ నుంచి 192.168 చిరునామాతో పరీక్షిస్తే పనిచెయ్యదు, అక్కడ తికమక పడొద్దు.

పెన్నా_ఇసుక
రెండోదానికి సొంత ట్రాకర్ పెట్టుకో. బిట్‌టొరెంట్ ట్రాకర్ అనే నోడ్ ప్యాకేజీ, వెబ్‌సాకెట్ ఒక్కటే ఆన్ చెయ్యి. బరువు చాలా తక్కువ, ఆఫర్లు ఆన్సర్లు అక్షరాలే కదా. ఫిల్టర్ రాసి నీ 40 ఇన్ఫో హ్యాష్‌లకే ఒప్పుకునేట్టు పెట్టు, ల్యాకుంటే ఊరోళ్ల టొరెంట్లన్నీ నీ ట్రాకర్‌లో కూర్చుంటాయి. ముందర ఎన్‌జిన్ఎక్స్ ఉంటే అప్‌గ్రేడ్ హెడర్లు పంపాల. ప్రాక్సీ రీడ్ టైమౌట్ 60 సెకన్లే ఉంటాది, మాట్లాడకుండా ఉన్న సాకెట్‌ను తెంపేస్తాది. గంటకు పెంచు. పేజీ హెచ్‌టీటీపీఎస్ కాబట్టి ట్రాకర్ కూడా డబ్ల్యూఎస్ఎస్ అయ్యుండాల, ఉట్టి డబ్ల్యూఎస్‌ను బ్రౌజర్ ఆపేస్తాది.

నన్నారి_సోడా
ప్రత్యక్ష ప్రసారానికి ఇదే వాడొచ్చా? శ్రీరామనవమికి నాటకం లైవ్ ఇవ్వమని అడుగుతున్నారు.

పాతూరు_సర్వర్
వాడలేవు. టొరెంట్ అంటే ఫైలు ముగిసినాక హ్యాష్‌లు లెక్కగట్టి మూట కట్టిన సరుకు. లైవ్‌లో రేపటి పీసుకు ఇవాళ హ్యాష్ ఉండదు. లైవ్‌కు హెచ్ఎల్ఎస్ (వీడియోను చిన్న చిన్న తుంపులుగా పంపే పద్ధతి) తుంపులు చేసి, ఆ తుంపులను వెబ్‌ఆర్‌టీసీలో పంచుకోవాల. పీ2పీ మీడియా లోడర్ అని ఉంది, అది ఇదే డబ్ల్యూఎస్ఎస్ ట్రాకర్లతో పని చేస్తాది. సొంత వీడియో సైటు నడుపుకునే సాఫ్ట్‌వేర్ పీర్‌ట్యూబ్ వాళ్లు 2023లో వచ్చిన 6వ వెర్షన్‌లో వెబ్‌టొరెంట్ ప్లేయర్ తీసేసి, హెచ్ఎల్ఎస్ పీ2పీ ఒక్కటే ఉంచినారు. నాణ్యత మధ్యలో మార్చుకోవడం కూడా దాంట్లో కుదురుతాది. వెబ్‌టొరెంట్‌లో 480, 720 రెండూ ఇస్తే రెండు ఫైళ్లు, వాటి పీసులు ఒకదానికొకటి పనికిరావు.

కారంపొడి
అయితే హంద్రీ కూడా హెచ్ఎల్ఎస్‌కే పోవచ్చు కదా?

పాతూరు_సర్వర్
పోవచ్చు, సైటు పెద్దదైతే పోవాల్సిందే. కానీ ఇప్పుడు ఒక్కో నాటకానికి ఒకే ఫైలు, ఒకే నాణ్యత. ఊళ్లోవాళ్లు టొరెంట్ ఫైలు దించుకొని మిషన్‌లో దాచుకుంటాండారు కూడా. కళాకారుల పని పది చోట్ల భద్రంగా ఉంటాది, అది నాకు ముఖ్యం అనిపిస్తాది. హెచ్ఎల్ఎస్ తుంపులు అట్ల ఎవరూ దాచుకోరు.

హంద్రీ_ఒడ్డు
ట్రాకర్ సొంతంగా పెట్టినా, 3600 సెకన్ల టైమౌట్. వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్‌లో ఐపీవీ6 జతలు కూడా కనపడతాండాయి అన్నా, స్టన్ మార్చినాక. శనివారం సాయంత్రం కొత్త నాటకం పెడ్తాండాం. ఆ రోజు ఎన్‌జిన్ఎక్స్ లాగులో పోయిన బైట్లు, పేజీల నుంచి వచ్చిన పీర్ల లెక్క రెండూ తీసి ఇక్కడ పెడ్తా.

తాడిపత్రి_బండ
లాగులో 206లే (ఫైల్లో కొంత భాగం ఇచ్చిన జవాబులు) లెక్కపెట్టు, 200లు (మొత్తం ఇచ్చినవి) కలపొద్దు. వెబ్ సీడ్ రిక్వెస్టులన్నీ రేంజ్‌తోనే వస్తాయి. మొబైల్ వాళ్ల వీడియో ట్యాగు రిక్వెస్టులూ 206లే అవుతాయి కాబట్టి, వాళ్లకు వేరే దారి పేరు ఇచ్చి విడగొట్టుకో.